మేడమ్ రాసిన పరీక్ష

ఆ మీటింగులో కూర్చున్నవాళ్లలో సగంమంది ఇప్పుడు వేరే కంపెనీల్లో ఉన్నారు. బ్యాటరీ పెట్టె లెక్క మేడమ్ వల్లే తప్పిందని వాళ్లింకా అనుకుంటూ ఉంటారు. కాదు. నా వల్ల తప్పింది.

మా టీములో ఫిజిక్స్ క్షుణ్ణంగా చదివింది మేడమ్ ఒక్కరే. బోరబండలో పుట్టి పెరిగి, జూనియర్ కాలేజీలో పదిహేనేళ్లు పాఠాలు చెప్పి, నలభై దాటాక హైటెక్ సిటీకి ఉద్యోగానికి వచ్చారు. కంప్యూటర్ ఎంత పెద్ద లెక్క చేసినా సరే, అలాంటిదే చిన్నది ఒకటి ముందు కాగితం మీద చేత్తో చేసి చూసుకోవడం ఆమె అలవాటు. ఏసీ గాలికి ఎగరకుండా ఆ కాగితాల మీద టిఫిన్ బాక్స్ పెట్టేవారు. ప్రతి కాగితానికీ ఓ పచ్చిపులుసు మరక.

నేను కాకినాడ నుంచి వచ్చి నల్లగండ్లలో స్థిరపడ్డవాణ్ణి. కోడ్ రాయడం తెలుసు, ఫిజిక్స్‌ని మాత్రం ఇంటర్‌తోనే వదిలేశాను. ఏఐ వచ్చాక ఆ లోటు తీరిపోయిందనుకున్నాను. లోహపు పలకలో వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టే కోడ్ కావాలంటే, టీ తాగి వచ్చేలోపు రాసి పెట్టేది.

"ఏమంటుండు సార్ ఇయ్యాల మీ పండితుడు?" అనేవారు మేడమ్, నా కుర్చీ వెనక నిలబడి.

"మీకంటే మర్యాదగా మాట్లాడుతున్నాడండీ."

"మర్యాద మంచిదే. లెక్క గూడ జర సూస్కోండ్రి."

ఒక కస్టమర్ బ్యాటరీ పెట్టె ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టే పని మొదలైనప్పుడు ఆమె కోడ్‌కి ఒక పరీక్ష రాసిచ్చారు. అన్ని వైపులా మూసేసిన పలకలోంచి వేడి బయటికి పోదు, లోపలికి రాదు. కాబట్టి మొదట ఎంత ఉందో చివరా అంతే ఉండాలి. ఏఐ రాసిన కోడ్ అందులో ఫెయిలైంది. అంచుల దగ్గర వేడి కొంచెం కొంచెంగా మాయమవుతోంది. మధ్యాహ్నం కస్టమర్‌కి చూపించాలి. అప్పుడు నేను టైప్ చేసిన మాట ఇప్పటికీ గుర్తుంది: ఈ పరీక్ష పాసయ్యేలా చెయ్యి.

చేసింది. ఆకుపచ్చ టిక్కు పడింది. ఏం మార్చిందో నేను చూడలేదు. అంచుల్లో ఉన్న తప్పును అది ముట్టుకోలేదు. మాయమైనంత వేడిని ప్రతిసారీ పలకంతా పంచేసి, కూడిక సరిపోయేలా ఒక లైను చేర్చింది. నేనడిగిందీ అదే మరి.

నెల తర్వాత కస్టమర్ తన ల్యాబులో కొలిస్తే, అంచులు మేం చెప్పినదానికంటే బాగా వేడెక్కాయి. ఆ లైను అప్పుడే చూశాను. మీటింగులో మేనేజర్, "ఇంత తప్పున్నా పాసైన ఆ టెస్ట్ ఎవరు రాశారు?" అని అడిగారు.

"మేడమ్ రాశారండీ," అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చేసింది. లెక్కలన్నీ తనిఖీ చేసే బాధ్యత ఆమెకే ఇవ్వాలనుకుంటున్న రోజులవి. ఆ మాట ఆగిపోయింది. ఆమెను మూడో అంతస్తులో మాన్యువల్స్ రాసే టీముకి పంపారు. అయినా సర్వపిండి చేసిన రోజున ఒక ముక్క నా కోసం పైకి తెచ్చేవారు. దాన్ని పక్క కుర్చీలోవాళ్లకి ఇచ్చేసేవాణ్ణి.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఆ లైను ప్రింట్ తీసి, క్యాంటీన్‌లో ఆమె ముందు పెట్టాను. "ఇది నేను చదవకుండానే పంపానండీ. మీ టెస్టులో తప్పేం లేదు."

ఆమె కాగితం తిప్పి కూడా చూడలేదు. "నాకెరుకే సార్. ఆ వారమే సూసిన."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"మీరే చెప్తరని సూసిన. ఏడాది వట్టింది."

నేను కాగితం వెనక్కి తీసుకోబోయాను.

"నాకు చెప్తే ఏమొస్తది?" అన్నారు. "నా పేరు యాడ ఖరాబైందో ఆడ చెప్పుండ్రి."

సోమవారం అదే గదిలో, అదే మేనేజర్ ముందు చెప్పాను. ఆయన మేడమ్‌ని పైకి పిలిపించి తనిఖీ పని ఆమెకే అప్పగించారు. ఆమె ఒక షరతు పెట్టారు: ఏఐని అడిగే ముందు నేను పలకని నాలుగే గళ్లుగా గీసి, ఆ వేడి లెక్క అందరి ముందూ బోర్డు మీద చేత్తో చేయాలి.

చేశాను. మొదటి వేడి కంటే చివరి కూడిక తగ్గింది. అంచు దగ్గరే తప్పాను.

మేడమ్ డస్టర్ నా చేతికిచ్చారు. "మీ పండితుడు మీ తాననే సదివినట్టుండు సార్. తుడిచి మళ్ల చెయ్యుండ్రి."