హాజిరీ మిషన్ల బాపు బొటనవేలు

దయ్యాలను చూసినమని చెప్పెటోళ్లంటే నాకు ఒళ్లుమంట. ఒక్కనికి గూడ టైమెంతయిందో, తలుపు ఏ దిక్కున్నదో సక్కగ గుర్తుండది. గజ్జెల సప్పుడు మాత్రం పక్కా వింటరు! మా చర్చిల సాక్ష్యం చెప్పనీకి మైకు గుంజుకునేటోళ్లు గూడ గంతే. నేను ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీల ఎమ్మెస్సీ చేసిన. మాకు లాగ్‌ల ఉంటెనే జరిగినట్టు. లాగ్ అంటే ఏంలేదు, మిషన్ తనంతట తాను రాసుకునే చిట్టా.

మాది ముంబై పక్కన భివండీల శాంతి నగర్. బాపు ఇరువై ఏండ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిండు.

ఆఖరి సెమిస్టర్‌ల మా క్లాసోళ్లు పాత ప్రాజెక్టులు తెచ్చి పేర్లు మార్చుకున్నరు. సిగ్గు లేని మంద. నేను సొంతంగ చేసిన. నూలు ఒరిపిడికి వేలిగీతలు అరిగినోళ్లను గూడ గుర్తుపట్టి, పనికొచ్చినట్టు హాజిరీ ఏసే మిషన్ అది. బాపు పనిచేసే కార్ఖాన ఆఫీసు అర్రల పెట్టి, పద్దెనిమిది మంది వేళ్లు ఎక్కించిన. దీనికి మంచి గ్రేడ్ వస్తె కాలేజీలనే రీసెర్చ్ కొలువు ఇస్తమన్నరు. నాకు గదొక్కటే ఆశ.

బాపు వేలు ఎక్కించే వరకు నా తల పాణం తోకకొచ్చింది. తెగిన పోగు అతికేటప్పుడు బొటనవేలు నాలుకకు అద్దుకునుడు సాంచాలోళ్ల అలవాటు. మిషన్ ముందట గూడ ఆయన గదే పని. తడి వేలును అది తీసుకోదు.

"నాకకు బాపూ! ఎన్నిసార్లు చెప్పాలె?" అని అందరి ముందట ఒర్రిన.

ఒక ఆదివారం చర్చికి పోయే ముందు సబ్బుతోని చెయ్యి కడిగిచ్చి, ఎట్లనో ఒక్కసారి ఎక్కించిన. తర్వాత రోజూ పెట్టిండు, ఒక్కనాడు గూడ పట్టలే. "నీ వేలు దేనికీ పనికిరాదు, జరుగు" అన్న. నవ్వుకుంట జరిగిండు. ఆ మాట యాదికొస్తె నా మీద నాకే అసహ్యమేస్తది.

నెల తిరగకముందే బాపు సాంచా ముందట్నే కూలిండు. దవఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది. పోయినోళ్ల నంబరు మిషన్ల కెళ్లి తీసెయ్యాలె, మాకు నేర్పే మొదటి పాఠం అది. నాకు మనసొప్పలే, ఉంచిన.

వానలకు వేలు పెట్టే గాజు పాడైతె కొత్తది తెచ్చి బిగించిన. అంటే ఆ గాజును బాపు ఎన్నడూ ముట్టలే.

అదొక శుక్రవారం. ఆ రోజు సాంచాలకు సెలవు, కరెంట్ గూడ బంద్. మిషన్ బ్యాటరీ మీద నడుస్తది. పగటీలి రెండున్నరకు గాజును స్పిరిట్‌తోని తుడిచి, అర్రకు తాళమేసి, ఇంటికి పోయి తిని వచ్చిన. గంట గూడ కాలే. తాళం ఏసింది ఏసినట్టే ఉన్నది. లాగ్‌ల మాత్రం కొత్తగ ఒక లైనున్నది: మూడు గంటల పది నిమిషాలు, పదకొండో నంబరు, సరిపోయింది.

పదకొండు బాపు నంబరు. గాజు మీద వేలంత తడి ఉన్నది.

నేను వణకలే. ఎవడో ఆడుకుంటున్నడని బూతులు తిట్టిన. కప్పు కురుస్తున్నదా చూసిన, పొడిగున్నది. గడియారం కరెక్టే. చిట్టాల ఎవరన్న వేలుపెడితె తెలిసేతట్టు లైన్‌కు లైన్ ముడేసి నేనే కట్టిన గొలుసు ఎక్కడా తెగలే. మర్నాడు మిగిలిన పదిహేడు మందితోని తడివి, పొడివి పెట్టిచ్చిన. ఒక్కరిది గూడ పదకొండుకు కలువలే.

అమ్మ "మీ బాపే బిడ్డా, పాస్టర్‌ను పిలుద్దాం" అన్నది. నోరు మూసుకొమ్మన్న.

క్లాసోళ్లు "ఒక్క లైనే గద, డిలీట్ కొట్టు" అన్నరు. కొట్టి గొలుసు మల్ల అతుకుడు నాకు ఐదు నిమిషాల పని. కొట్టలే.

పరీక్షకు బయటి నుంచి ఒక సార్ వచ్చిండు. చిట్టా తిరగేసి, పదకొండో నంబరాయన్ని పిలువమన్నడు.

"మా బాపు సార్. చనిపోయిండు."

తారీఖులు చూసిండు, నవ్విండు. "గంతేనా బేటీ? మిషన్ ఒకసారి తప్పు పట్టింది. ఆ లైన్ పక్కన తప్పు అని రాసి సంతకం పెట్టు, గ్రేడ్ ఇచ్చేస్త."

పెన్ను తీసుకున్న. రెండక్షరాలు! నాకు చెయ్యి రాలే. "తప్పు పట్టలే సార్" అన్న. నా నోట్నే వచ్చింది ఆ మాట.

గ్రేడ్ పోయింది, కొలువు పోయింది. ఇప్పుడు పక్కనే కాల్హేర్‌ల ఒక గోదాముల కంప్యూటర్ ముందట కూసొని డబ్బాల నంబర్లు ఎక్కిస్తున్న. ఆ లైన్ ఎట్ల పడ్డదో ఎన్నిసార్లు ఎతికినా దొరుకలే, తెలిసినట్టు చెప్ప. తెలిసే దాకా దాన్ని తప్పని మాత్రం రాయ.