మనవాడికి జీతమేమిటి

మా ఊరి వాచకశాలలో గదులు ఊడ్చే ముసలమ్మకు నెలనెలా జీతం ఉండేది. రాత్రి కాపలా ఉండేవాడికీ ఉండేది. ఎండాకాలంలో కుండల్లో నీళ్ళు నింపేవాడికి కూడా ఉండేది. పుస్తకాలు చూసుకునే నాకు మాత్రం లేదు. ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు. ఆ రోజుల్లో ఎవరూ నవ్వలేదు, ఎవరికీ వింతగా కూడా తోచలేదు. నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మాది రాజపాళయం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు మాట్లాడతామే గానీ, తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు మాలో చాలా తక్కువ. నాకు మా నాన్న నేర్పాడు. తమిళం, ఇంగ్లీషు బళ్ళో వచ్చాయి. ముప్పైల నడుమ భూములున్న కుటుంబాలవాళ్ళు కలిసి వాచకశాల పెట్టినప్పుడు మూడు భాషలూ చదవగలిగిన మనిషి కావలసి వచ్చాడు. కమిటీ ప్రెసిడెంటు మా చిన్నాన్న, అంటే మా నాన్నకు బాబాయి కొడుకు. ఆయన ఒక పొద్దున మా ఇంటికి వచ్చాడు.

"నీవే చూసుకోరా. బయటివాణ్ణి పెడితే పుస్తకాలు అమ్ముకొని పోతాడు" అన్నాడు.

జీతం మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా నాన్న పక్కన కూర్చుని ఉండగా ఎత్తే మాట కాదు. మాలో చుట్టానికి జీతమివ్వడమంటే అతన్ని పనివాళ్ళలో కలిపేయడం. అతను తీసుకోవడమంటే సరేనని తల వంచడం. అందుకని నాకు జీతానికి బదులు 'మరియాద' చేసేవారు. కోతలయ్యాక కమిటీవాళ్ళ ఇళ్ళ నుంచి వడ్ల మూటలు బండి మీద వచ్చి మా వాకిట్లో దిగేవి. దీపావళికి నాకు పంచె, మా ఆవిడకు చీర. ఎన్ని మూటలు వస్తాయో ముందుగా తెలియదు, అడగడానికి నోరు రాదు. ఒక ఏడాది, పుస్తకం తిరిగి ఇవ్వలేదని ఒకాయన్ని పదిమందిలో అడిగాను. ఆ ఇంటి మూట ఆ ఏడాది రానే లేదు.

పుస్తకాలు తిరిగి రాబట్టడమంత నరకం ఇంకోటి లేదు. బయటివాళ్ళు తీసుకెళితే గడువులోగా తెచ్చి ఇచ్చేవారు, ఆలస్యమైతే జుల్మానా కట్టేవారు. చుట్టాలకు జుల్మానా ఎవరు వేస్తారు? నేనే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి. వెళితే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవారు, పిల్లల కుశలం అడిగేవారు, మామిడిపళ్ళు కూడా ఇచ్చి పంపేవారు. పుస్తకం తప్ప అన్నీ ఇచ్చేవారు. ఒకావిడ అటక మీద ఊరగాయ జాడీకి మూతగా పెట్టిన పుస్తకాన్ని నేను నా కళ్ళతో చూశాను. అడిగితే, "అది ఇంకా చదవలేదప్పా, చదివి పంపుతా" అంది.

పొద్దున్నే తలుపులు తీసి, మద్రాసు పత్రికలు కర్రలకు బిగించి, బల్లల మీద పరిచేవాణ్ణి. మంసాపురం నుంచి పత్తి రైతులు వచ్చేవారు. వాళ్ళలో చదువు రానివాళ్ళకు ధరలు చదివి వినిపించేవాణ్ణి. సాయంత్రాలు చిరిగిన పుస్తకాలకు బైండింగు. మైదా పిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి, అట్టలు అంటించేవాణ్ణి. మైలుతుత్తం వల్ల వేళ్ళు పగిలేవి. ఈ పనంతా కమిటీవాళ్ళ దృష్టిలో పని కాదు. "వాడికేమి, రోజంతా నీడలో కూర్చొని చదువుకుంటాడు" అనేవారు. రోజంతా కూర్చుని చదివినవాణ్ణి నేను ఆ గదిలో ఎన్నడూ చూడలేదు, నన్ను కూడా కలుపుకుని.

సేత్తూరు నుంచి సైకిలు మీద వచ్చే ఒక పంతులు ఒకసారి అడిగాడు, "మీకు ఇక్కడ సంబళం ఎంత సార్?" అని. సంబళమంటే జీతం, మా వైపు అందరూ అలాగే అంటారు. "ఇది మా సొంత వాచకశాల" అన్నాను గొప్పగా. ఆయన చిరిగిన నా పంచె అంచు వైపు ఒకసారి చూసి సైకిలెక్కాడు.

యుద్ధం వచ్చింది. సర్కారువాళ్ళు కళ్ళాల దగ్గరికే వచ్చి వడ్లు కొలిపించుకుని వెళ్ళడం మొదలైంది. బియ్యానికి రేషను పెట్టారు. మా వాకిట్లో దిగే మూటలు ఆగిపోయాయి. "మిగిలితే కదరా ఇచ్చేది" అన్నారు. నిజమే కావచ్చు. కానీ ముసలమ్మ జీతం ఆగలేదు, కాపలావాడి జీతం ఆగలేదు. వాళ్ళకు ఇచ్చారని నాకు కోపం లేదు, వాళ్ళది కష్టార్జితం. మాసం పుట్టగానే ట్రెజరర్ వచ్చి నా బల్ల మీదే వాళ్ళ డబ్బు పెట్టి, నా కలమే తీసుకుని వేలిముద్రకు సిరా పూయించి, నాతో రెండు లోకాభిరామపు మాటలాడి వెళ్ళిపోయేవాడు. ఆ బల్ల ఇవతల కూర్చున్న మనిషి ఏం తింటాడన్న ప్రశ్న ఆ మహానుభావుడికి ఒక్కనాడూ తట్టలేదు.

రేషను కొట్లో మర్యాద చెల్లదు, రొక్కం కావాలి. మాకు ఇద్దరు పిల్లలు. మా ఆవిడ నాకు చెప్పకుండానే మగ్గాలవాళ్ళ దగ్గర నూలు తెప్పించి కండెలు చుట్టడం మొదలుపెట్టింది. మా ఇళ్ళ ఆడవాళ్ళు కూలిపని చేయడం అప్పట్లో లేదు. అందుకని పెరటి తలుపు గడియపెట్టి చుట్టేది. ఎవరైనా చుట్టాలు వస్తే రాట్నం వడ్ల కుదురు, అంటే గాదె, వెనక్కి నెట్టి, చీరకంటిన నూలుపోగులు దులుపుకుని వచ్చి నవ్వుతూ పలకరించేది. కుదురు నిండా గాలే. ఆ నవ్వు చూసినప్పుడల్లా వాచకశాల తాళంచెవులు తీసుకెళ్ళి చిన్నాన్న మొహాన కొట్టాలనిపించేది.

కొట్టలేదు. కమిటీ కూర్చున్న రోజున వెళ్ళి, నిలబడి అడిగాను. నాకూ మాసానికింత అని సంబళం కట్టండి, వడ్లు వద్దు, పంచెలు వద్దు అన్నాను. గదిలో అందరూ, నేనేదో కూడని బూతు మాట అన్నట్టు తలలు దించుకున్నారు.

చివరికి చిన్నాన్న నోరు తెరిచాడు. "మన ఇంటి బిడ్డకు సంబళమిచ్చి మేము వేలకారుణ్ణి చేసుకొనేదా? మీ నాయన ఉంటే ఈ మాటకు నిన్ను చెప్పుతో కొట్టి ఉంటాడు."

"పని చేసేవాడు వేలకారుడు కాక ఇంకేమి చిన్నాయనా?" అన్నాను. మా వైపు వేల అంటే పని, వేలకారుడంటే పనివాడు.

"నీవు చేసేది పని కాదురా, సేవ."

సేవ! ఆ మాట వింటే ఇప్పటికీ నాకు చేతిలో ఉన్నది విసిరేయాలనిపిస్తుంది. సేవ చేసేవాడి పిల్లలకు కడుపులుండవు కాబోలు. నా మొహం చూసి ట్రెజరర్‌కు జాలి కలిగింది. వాచకశాల పెట్టి పదేళ్ళు నిండుతున్నాయి, సభ పెట్టి వీనికి పొన్నాడ కప్పుదాం అన్నాడు. జరీ అంచు శాలువను మా వైపు పొన్నాడ అంటారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

సభ ఘనంగా జరిగింది. మదురై నుంచి వచ్చిన పెద్దమనిషి నన్ను త్యాగి అన్నాడు. మెడ నిండా రోజాల దండ, భుజాల మీద పొన్నాడ. అవతల చుట్టాలంతా చప్పట్లు కొడుతున్నారు. పొద్దుటి నుంచి నేను ఏమీ తినలేదు. ఇంటికి వచ్చాక మా ఆవిడ శాలువను వేళ్ళతో నలిపి చూసింది.

"నూలు మంచిదే. దీన్ని ఏ కుండలో వేసి ఉడకబెట్టేది?" అంది.

మర్నాడు పొద్దున మా ఊరి నూలు మిల్లు సంగు, అంటే సైరను, మోగగానే లేచి మిల్లుకే వెళ్ళాను. గోడౌనులో పత్తి బేళ్ళు వచ్చినవీ పోయినవీ రాసే పని దొరికింది. మేనేజరు బొంబాయి వైపు మనిషి, నాకు ఏ వరసా కాడు. చదువేమిటి అని అడిగాడు, జీతమెంతో చెప్పాడు. అంతే. నేను వాచకశాల తాళంచెవులు కాపలావాడి చేతికిచ్చి, చిన్నాన్నకు ఇమ్మన్నాను. మా ఆవిడ పెరటి తలుపు గడియ తీసింది. పుస్తకాలను విడిచిపెట్టినందుకు నాకు ఏడుపు వచ్చింది, అది దాచడం దేనికి? బేళ్ళ మధ్య నిలబడి ఏడ్చాను. నన్ను ఏడిపించినవాళ్ళ మీద కోపం మాత్రం ఆ కన్నీళ్ళతో పోలేదు.

వాచకశాల కొన్నాళ్ళు మూతబడింది. తర్వాత ఒక ఆదివారం చిన్నాన్న మా ఇంటికి వచ్చాడు. ఏమీ జరగనట్టే వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. పిల్లలిద్దరూ ఆయన పక్కనే నేల మీద ఆడుకుంటున్నారు.

"శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఒకర్ని పిలుచుకొని వచ్చినామురా. మంచివాడే, కానీ ఏ పుస్తకం ఎక్కడుండాదో వానికి తెలియలే. మిల్లు విడిచినాక సాయంత్రం పూట వచ్చి కాస్త నేర్పించు. మనవాడివి కదా."

"వానికి సంబళముండాదా?" అన్నాను.

"ఉండాది. మాసం పుట్టితే ఇచ్చేస్తాము."

"కమిటీలో ఎవరూ వద్దనలేదా?"

"ఎందుకంటారు?" ఆయనకు నా ప్రశ్న నిజంగా అర్థం కాలేదు. "పరాయివాడు కదరా. పెండ్లాం బిడ్డలుండారు వానికి. వట్టి చేతులతో వేల చేయించుకొంటే, పాపం, వాళ్ళు ఏమి తింటారు?"

ఆయన మొహంలో జాలి ఉంది. నటన కాదు, నిజమైన జాలి. మా చిన్నవాడు ఆయన మోకాలు పట్టుకుని లేచి నిలబడుతున్నాడు, ఆయన చేత్తో వాడి తల నిమురుతున్నాడు.

మాట్లాడింది మా ఆవిడ. గుమ్మం దగ్గర నిలబడి, గొంతు పెంచకుండా, కోడలు మామతో మాట్లాడే పద్ధతిలోనే అంది.

"మామా, ఒక్కటి మాత్రం మరిచిపోకండి. ఆ శ్రీవిల్లిపుత్తూరు ఆయన బిడ్డలు ఎవరినీ మన ఇండ్లలోకి సంబంధం చేసుకోకండి. మనకు సొందమై చుట్టాలైపోతే, పాపం, వాళ్ళకు ఆకలి వెయ్యదు."

చిన్నాన్న పిల్లవాడి తల మీంచి చెయ్యి తీశాడు. కాఫీ సగంలో వదిలి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. నేర్పడానికి నేను వెళ్ళలేదు.