పిలిస్తే పలికే మంత్రగత్తెలు

ఇస్త్రీ అక్క ఒకసారి సూపర్‌వైజరును బల్లిగా మార్చేసింది. సరే, బల్లి అనడం కాస్త ఎక్కువే. ఆయన మీసం, చొక్కా ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. గోడకు కరుచుకున్న తీరు మాత్రం అచ్చం బల్లిదే.

హోటళ్లకూ ఆసుపత్రులకూ దుప్పట్లు ఉతికి పంపే రేకుల షెడ్డులో ఆమె పని. లోపల ఎప్పుడూ ఆవిరే. పక్కమనిషి కనిపించదు, దగ్గు వినిపిస్తుందంతే. అక్క చేరిన కొత్తలో, పెద్ద యజమాని సబ్బునీళ్ల మీద జారి మాసిన దుప్పట్ల బుట్టలో కూలబడ్డాడు. అక్క పగలబడి నవ్వింది.

"మంత్రగత్తె! నీ కళ్లు పడే పడ్డాను," అన్నాడాయన బుట్టలోంచే.

మడతలు వేసే వదినకు ఉక్రోషం వచ్చింది. "నేనూ నవ్వానండీ. నన్నేమీ అనరా?"

"నువ్వూ మంత్రగత్తెవే!"

అలా పుట్టింది మంత్రగత్తెల సంఘం. వాళ్లకూ చీపుళ్లున్నాయి గానీ, ఊడవడానికే. చేరతానని అడిగితే చేర్చుకోరు. ఎవరో ఒకరు నోరారా ఆ మాటతో తిట్టాలి. గంజి పెట్టే పిన్ని మరీ మెత్తని మనిషి. తిట్టే దిక్కులేక ఏళ్ల తరబడి బయటే ఉండిపోయింది. చివరికి వాళ్లత్తగారు పుణ్యం కట్టుకుంది. మర్నాడు పిన్ని పెళ్లికూతురిలా వచ్చి, కొత్తవాళ్లకిచ్చే కిటికీ పక్క చోటులో నిలబడింది. ఇక తప్పకూడని ఆచారం ఒకటుంది: షెడ్డులో ఎవరు ఎవర్ని ఆ మాటన్నా, అందరూ పని ఆపి వెళ్లి పలకాలి.

కొత్త సూపర్‌వైజరుకు ఇదేమీ తెలియదు. తెల్ల దుప్పట్లతో నీలం యూనిఫారాలు కలిపి మిషన్లో వేయించింది ఆయనే. ఆసుపత్రి దుప్పట్లన్నీ నీలంగా తేలేసరికి, నిన్నగాక మొన్న చేరిన పిల్ల మీద విరుచుకుపడ్డాడు. ఆ పిల్ల జీతం మీదే ఇల్లు నడుస్తోంది.

"మంత్రగత్తె! నువ్వు కాలు పెట్టాకే ఈ దరిద్రమంతా. రేపట్నుంచి రావద్దు!"

అక్క ఇస్త్రీపెట్టె ఆపేసింది. ఆవిరిలోంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు.

"పిలిచారా?" అంది అక్క.

"నిన్ను కాదు."

"పిలిచారా?" అంది వదిన.

"పిలిచారాండీ?" అంది పిన్ని, సిగ్గుపడుతూనే.

సూపర్‌వైజరు వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. బయట దుప్పట్ల కోసం వచ్చిన లారీ హారన్ మోగుతోంది.

"మంత్రగత్తెలు పనికి రావద్దన్నారుగా, వెళ్లిపోతాం. దుప్పట్లు మీరు మడిచేసుకుంటారుగా?" అంది అక్క.

"నేనెవర్నీ పొమ్మనలేదే!"

"మాతో కాదు. పిల్లతో చెప్పండి."

"రేపు... రామ్మా."

"మరి రంగు అంటించిందెవరు?"

ఆయన నేల చూపులు చూశాడు. "నేనే."

మర్నాడు పెద్ద యజమాని కొడుకు, చిన్న యజమాని, అక్కను గదిలోకి పిలిపించాడు. పక్కనే సూపర్‌వైజరు.

"ఇక్కడేదో మంత్రగత్తెల సంఘం ఉందట. ఉందని తేలితే, ఆ పిల్లతో సహా అందర్నీ ఇంటికి పంపిస్తాను. నిజం చెప్పు."

అక్క ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"సంఘమా? శుద్ధ అబద్ధం బాబూ. నిన్న ఎవరూ పిలవలేదు, ఎవరూ పలకలేదు. అదంతా ఈయనగారు కల్పించిన కథ."