అడకత్తెర నా దగ్గరే ఉంది

ఇన్నేళ్లుగా ఈ విషయంలో నా మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

డెబ్బైల చివర్లో నేను తిరుపతి నుంచి చిత్తూరు, పలమనేరు మీదుగా కర్ణాటకలోని ముళబాగిలు వెళ్లే బస్సులో కండక్టర్ని. మా ఆవిడ అన్న చిత్తూరులో తెలుగు పండితుడు. ఆయన బిడ్డకు పేరు పెట్టిన రోజు, భోజనాలయ్యాక, బావ వక్కలు కత్తిరిస్తూ పనిముట్ల పేర్లకు అర్థాలు చెప్పసాగాడు. కత్తి బిగించిన పీట కత్తిపీట. కొడవలి అంటే వంకర కత్తి; అరవంలో కొడువాళ్ అన్నా అదే. అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. తర్వాత చేతిలో ఉన్నదాన్ని పైకెత్తి, "అడ్డంగా కత్తిరిస్తాది గాబట్టి అడకత్తెర" అన్నాడు.

"అడ్డం కాదు బావా, అడక. అడక అంటే వక్క. ముళబాగిలు అంగళ్లలో దినమూ వింటా ఉండాను, కన్నడమోళ్లు వక్కను అడికె అంటారు," అన్నాను.

"టికెట్లకు తూట్లు పొడిసేది సాలదా బావా, మాటలకు గూడా పొడుస్తావా?"

అందరూ నవ్వారు. మా అత్తకైతే నవ్వీ నవ్వీ పొలమారింది. ఆమెకు మంచినీళ్లు తెచ్చిచ్చింది నేనే. అది మాత్రం ఎవరికీ గుర్తులేదు.

మరుసటి వారమే ముళబాగిలులో వక్కలు కొని, పొట్లం మీద అంగడాయన చేత కన్నడంలో "అడికె" అని రాయించి, తిరుగు ట్రిప్పులో బస్సు చిత్తూరులో ఆగినప్పుడు బావ ఇంటికి వెళ్లాను. కన్నడ అక్షరాలు మనకూ తెలుస్తాయి కదా. బావ పొట్లం విప్పాడు, వక్క కత్తిరించి నోట్లో వేసుకున్నాడు, ఆ కాగితానికే వేలి సున్నం తుడుచుకున్నాడు.

"వక్క బాగుండాది బావా. నిఘంటువు సూసి సెప్తాలే."

నేను చెయ్యి చాపాను. నాకూ వక్క కావాలేమో అనుకుని అడకత్తెర చేతికిచ్చాడు. మా ఇళ్లలో కోసే ఇనుము చేతికివ్వరు, తగవు వస్తుందని. కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. పండితుడికి అదీ గుర్తులేదు. దాన్ని టికెట్ల సంచిలో వేసుకుని, "నిఘంటువు సూసినాక వచ్చి తీసుకో" అని బస్సెక్కాను.

మూడు కార్డులు రాశాను. ఒకదానికి మామిడి కాపు గురించి జవాబు, ఒకదానికి ఆయన మోకాలి నొప్పి గురించి. మూడోదానికి, "అడకత్తెర పంపించు" అని. అడక సంగతి ఎందులోనూ లేదు.

ఇప్పుడు బావకు పళ్లన్నీ పోయాయి, వక్క దంచుకుని తింటున్నాడట. "ఇంక దాంతో మాయన్నకేం పని? ఇడిసిపెట్టండబ్బా," అంటుంది మా ఆవిడ. ఆయనకు దాంతో పని లేకపోవచ్చు. నాకు జవాబుతో పనుంది. తుప్పు పట్టకుండా నెలనెలా నూనె రాస్తూనే ఉన్నాను.

బావా, ఇది చదివితే రా. నీ అడకత్తెర నీ ముందు నేల మీద పెడతాను, నువ్వే తీసుకుందువు. ముందు ఒక్క మాట చెప్పు: అడక అంటే వక్కా, కాదా?