పక్క హాలు కీబోర్డు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నేను కడప జిల్లాలో ఒక చిన్న కోర్టులో స్టెనోగ్రాఫరును. అప్పుడే పైనుంచి బ్లూటూత్ కీబోర్డులు దిగాయి, మా హాలుకొకటి, పక్క హాలుకొకటి. బల్లల మీద వైర్లు అసహ్యంగా ఉన్నాయట! మా కంప్యూటర్లను నడిపేది విండోస్ కాదు, లినక్స్. దానికి కొత్త కీబోర్డును కలపడమంటే పెళ్లిచూపులే. అంతా కుదిరిందనుకున్నాక ముఖం తిప్పుకుంటుంది.

ఆ ఉదయం వేంపల్లె వైపు నుంచి మరియమ్మ సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. తన చేనికి పోయే దారికి మరిది కంచె వేశాడని కేసు. వచ్చినప్పుడల్లా వాయిదానే.

"ఈ తూరన్నా నా మాట రాసుకోండి సామీ. విత్తనమేసే కాలం వచ్చె, ఎద్దులు యాడ పోవల్ల?" అని నన్ను బతిమాలుకుంది.

నా తెర మీదేమో ఒకే పేరుతో రెండు కీబోర్డులు. పక్క హాలు స్టెనో రాజేశ్వరి కూడా అప్పుడే ఇవే తంటాలు పడుతోంది. ఒక పేరు నొక్కాను, కలిసిందంది కంప్యూటరు, టైపు చేస్తే అక్షరం పడలేదు. తీసేయమంటే తీసేశానంది. రెండోది నొక్కితే పడింది. హమ్మయ్య అనుకున్నాను.

సాక్షి చెప్పినదాన్ని జడ్జిగారు వాక్యాలుగా చెబుతారు, మేం టైపు చేస్తాం. మా చూపు ఆయన మీదే గానీ తెర మీద ఉండదు. చివర సాక్షికి చదివి వినిపించాలి, ఒప్పుకుంటేనే సంతకం. చదివాను: "నా చేనికి వేరే దారి లేదు. నేనిచ్చిన చెక్కు చెల్లకపోవడం వాస్తవమే."

"చెక్కా? యాడిది సామీ? నేను అడుగుతాండేది చేనికి పొయ్యే దావ!" మరియమ్మ బోనులోనే ఏడ్చేసింది. రాసింది రాసినట్టే ఉంచాలన్నాడు మరిది వకీలు. సిగ్గులేని మనిషి!

పక్క హాలుకు పరుగెత్తాను. రాజేశ్వరి ఖాళీ తెర ముందు తల పట్టుకుని కూర్చుంది. పొద్దున నేను తీసేశాననుకున్నది ఆమె కీబోర్డే. అది తనంతట తానే మళ్లీ మా కంప్యూటరుతో కలిసి, మా వకీళ్లు వాదులాడుకుంటుంటే నేను టైపు ఆపిన సందులో అక్కడి చెక్కు కేసు ముద్దాయి మాటలు ఇక్కడ పడేసింది. ఫోను చేస్తే, లినక్స్‌లో అలా జరగదే, అప్‌డేట్ చేసుకోండన్నాడు మా సాంకేతిక నిపుణుడు. జరగదట!

బీరువాలోంచి పాత వైరు కీబోర్డు తెప్పించి, దుమ్ము దులిపి, మొదటినుంచీ టైపు చేశాను. మరియమ్మ ప్రతి వాక్యం రెండేసిసార్లు చదివించుకుని సంతకం పెట్టింది. పక్క హాలులో మాత్రం సాంకేతిక కారణాల వల్ల వాయిదా.

నేను నేర్చుకున్నది ఇంతే. కీబోర్డు ఎవరి మాట రాస్తోందో తెలియాలంటే, దాని వైరు పట్టుకుని పోతే తేలాలి. బల్ల అందంగా లేదని నా సర్వీసులో ఏ సాక్షీ ఫిర్యాదు చేయలేదు.