పిలిచినా తిరగని బావ

మొన్న ఆదివారం మా మనవరాలు కాలేజీ స్నేహితులతో కలిసి డాంగ్ అడవుల్లో నడవడానికి వెళ్లింది. ట్రెక్కింగ్ అంటారట దాన్ని. గుమ్మంలో నా మొహం చూసి, "టెన్షన్ మత్ లో తాతా, పొద్దుగూకేసరికి వచ్చేస్త" అని నవ్వుతూ బూట్లు బిగించుకుంది. పదకొండు దాటాక దాని ఫోను కలవలేదు. అడవిలో సిగ్నల్ ఉండదని మా అబ్బాయి పదిసార్లు చెప్పినా నాకు అన్నం సయించలేదు. డిండోలిలోని మా మేడ ఎక్కుతూ దిగుతూ, మబ్బు ఎటు పోతున్నదో చూస్తూ పొద్దు గడిపాను. సాయంత్రం అది బురదకాళ్లతో వచ్చి, నా కంగారు సంగతి విని పకపకా నవ్వింది. నవ్వనీ. వానాకాలంలో ఆ అడవి ఎలా ఉంటుందో, మనతో నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి కనబడకపోవడమంటే ఏమిటో దానికి తెలియకపోవడమే మంచిది.

ఆ సంగతి జరిగి ముప్పై ఏళ్లు దాటి ఉంటుంది. అప్పుడు నేను, బతుకుతెరువుకు వచ్చిన ఈ నగరంలోనే, ఉధ్నా పేటలో సాంచాల మీద పనిచేసేవాణ్ణి. పవర్‌లూమును మా ఊరి వైపూ సాంచా అనే అంటారు, ఇక్కడా అదే మాట, అందుకని ఆ ఒక్కటీ కొత్తగా నేర్చుకునే పని లేకపోయింది. మిగతా పనంతా దగ్గరుండి నేర్పింది మా బావ, అంటే మా అక్క భర్త. నన్ను ఊరి నుంచి తెచ్చి తన పక్క వరసలోనే నిలబెట్టుకున్నాడు. షెడ్డులో సాంచాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడేది కాదు గనుక మేమంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. పోగు తెగితే ఒక సైగ, నూలు కండెలు అయిపోతే ఒక సైగ, చాయ్‌కి పోదామంటే ఇంకొకటి. రెండు చేతులూ పైకెత్తి ఒక్క ఊపున దించితే సాంచా ఆపమని. ఆ భాషలో మా బావను మించిన వాచాలుడు లేడు. చేతులతోనే మా యజమాని శేఠ్ నడకను, శేఠ్ కోపాన్ని చూపించి మమ్మల్ని కడుపుబ్బ నవ్వించేవాడు.

ఇంట్లో మాత్రం ఆయన వేరే మనిషి. అక్క ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పడం, లేదంటే ఊఁ కొట్టి ఊరుకోవడం. "రెండేండ్ల సంది గిట్లనే ఉన్నడు. నా మీద మనసు ఇరిగింది తమ్మీ" అని అక్క నా దగ్గర ఏడ్చేది. పిల్లల్ని తీసుకుని ఊరికి వెళ్లిపోతానని, రైలు టిక్కెట్టు తెచ్చిపెట్టమని కూడా అడిగింది. బావను నిలదీసే ధైర్యం నాకు లేదు. నాకు అన్నం పెట్టిన చెయ్యి అది. రేపు మాపు అంటూ అక్కను ఆపుతూ వచ్చాను.

మా షెడ్డులో కండెలు చుట్టే ఆయనది డాంగ్ అడవిలోని పల్లె. శ్రావణమాసంలో మా ఊరికి రండి, అడవి చూపిస్తానని చాలా కాలంగా పిలుస్తున్నాడు. సాంచాల చప్పుడుకు దూరంగా రోజంతా కలిసి నడిస్తే మొగుడూ పెళ్లాలు మనసు విప్పుకుంటారు కదా అని నేనే పూనుకుని, పిల్లల్ని పక్కింటివాళ్లకు అప్పగించి, ఇద్దర్నీ బయలుదేరదీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బస్సు దిగి మూడు గంటలు నడిచాం. టేకు చెట్ల కింద పగలే చీకటిగా ఉంది, వెదుళ్లు దారికి అడ్డంగా వంగిపోయి ఉన్నాయి, నల్లరాతి మీద పాచికి చెప్పులు నిలవక చేతిలో పట్టుకున్నాం. అక్క రెండుసార్లు పడింది. కండెలాయన ఇంటివాళ్లు పెట్టిన రాగిరొట్టెలు తిని మధ్యాహ్నం తిరుగుముఖం పట్టేసరికి వాన అందుకుంది. అయిదింటికి చివరి బస్సు. కండెలాయన మమ్మల్ని రోడ్డు దాకా దిగబెడతానని వెంట వచ్చి, చీలిక దాకా దారి ఒక్కటేనని బావను ముందు పోనిచ్చి, అక్కకు ఊతకర్ర కోసమని వెదురు నరుకుతూ నాతో వెనకబడ్డాడు. అక్క బావ వెనకాలే నడుస్తూ ఏదో అడుగుతున్నది, బతిమాలుతున్నది, కాసేపటికి గొంతు పెంచింది. ఆయన తిరిగి చూడలేదు. అక్క ఒక రాతి మీద కూలబడి, నేను రాను, నన్ను ఇక్కడనే వదిలేసి పొమ్మని భీష్మించింది. మేం ఆమెను లేవదీసేసరికి బావ మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

కోపంతో వెళ్లాడనే అనుకున్నాం. కొంచెం ముందుకు వెళ్లి చూస్తే దారి రెండుగా చీలింది, ఎడమ దారిలో బావ పాదాల గుర్తులు. కండెలాయన మొహం మారిపోయింది. ఆ దారి దుంగల వంతెన మీదుగా వాగు దాటి లోపలి అడవిలోకి పోతుందట, అక్కడ చిరుతపులులు తిరుగుతాయట. పిలిచాం. గొంతులు పోయేటట్టు పిలిచాం. కండెలాయన నోటికి చేతులు అడ్డుపెట్టి, ఒక కొండ మీంచి ఇంకో కొండకు వినపడే కూత వేశాడు. బదులు లేదు. నాకు మొదట ఒళ్లు మండింది, పెళ్లాం మీద అలిగితే మాత్రం ఇంత మొండితనమా అని. తర్వాత భయమేసింది. ఏ లోయలో జారిపడ్డాడో, అక్క పిల్లలకు ఏమని చెప్పాలో, ఈ ప్రయాణం పెట్టింది నేనే కదా అని.

దారి పక్కన ఒక బోడి బండ ఉంటే ఎక్కాం. వాగు అవతలి గట్టు మీద, చెట్ల సందులో బావ చొక్కా కనబడింది. దూరమేమీ కాదు. మాకు వీపు చూపిస్తూ తాపీగా నడిచి పోతున్నాడు. ముగ్గురం ఒక్కసారి అరిచాం. చెట్ల మీది కొండముచ్చులు బెదిరి ఎగిరి దూకాయి, పిట్టలు లేచాయి. బావ తల కూడా తిప్పలేదు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆరేళ్లు రోజుకు పన్నెండు గంటలు ఆయన పక్కన నిలబడ్డవాణ్ణి, నాకు అప్పుడు అర్థమైంది. ఎవరికీ ఏమీ వినపడని షెడ్డులో ఆయనకు వినపడటం లేదని ఎవరు కనిపెట్టగలరు? ఇంత సద్దుమణిగిన అడవికి వస్తే తప్ప తెలియలేదు.

అంతలో ఆయనే వెనక్కి తిరిగి, వెనకాల ఎవరూ లేరని చూసి కంగారుగా నాలుగు దిక్కులూ చూసి, బండ మీద మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. ఊపి, వంతెన వైపు పోకుండా, మా దగ్గరికి అడ్డదారిన రావాలని నేరుగా వాగులోకి దిగసాగాడు. పై కొండల వాన అప్పుడే కిందికి వచ్చింది, నీళ్లు ఎర్రబడ్డాయి. అక్కడ దిగితే మనిషి దక్కడని కండెలాయన తల బాదుకుంటూ వంతెన వైపు పరుగెత్తాడు. నేను ముళ్లూ రాళ్లూ చూడకుండా జారుతూ వాగు ఒడ్డున పడ్డాను. బావ అప్పటికే మోకాళ్ల లోతులో ఉన్నాడు, తలవంచి నీళ్లనే చూస్తున్నాడు. తల ఎత్తు బావా, ఒక్కసారి ఎత్తు, అని లోపల మొక్కుకుంటూ చేతులు పైకెత్తి నిలబడ్డాను. ఎంతసేపో. ఆయన తల ఎత్తగానే ఒక్క ఊపున దించాను.

సాంచా ఆపు.

ఆగాడు. ఎందుకని అడగలేదు, అడుగు వెనక్కి వేశాడు. ఆ తర్వాత వాగు హోరు మధ్య ఇద్దరం చేతులతో మాట్లాడుకున్నాం, అక్కడే ఉండు, కండెలాయన వస్తున్నాడు, ఆయన వెంట రా అని. నా వెనకే దిగి వచ్చి మా చేతుల వంక తెల్లబోయి చూస్తున్న అక్కతో, "బావకు ఇనపడ్తలేదే అక్కా" అన్నాను. ఆమె బురదలోనే కూర్చుండిపోయింది.

"గట్లయితే గీ రెండేండ్లు నేను ఎవల్తోని మాట్లాడిన్రా తమ్మీ?"

గంటకు పైగా పట్టింది ఆయన మా గట్టుకు రావడానికి. మాకు తెలిసిపోయిందని గ్రహించి, అక్కతో సిగ్గుగా, "చెప్తె నువ్వు పరేషాన్ అయితవని..." అంటూ నసిగాడు. అక్క ఆయన్ను ఒక్క మాట అనలేదు. తడిసిన ఆ మొహాన్ని రెండు చేతులా పట్టుకుని తన వైపు తిప్పుకుని, పెదవులు నిదానంగా కదుపుతూ ఏదో చెప్పింది. ఆయన కళ్లార్పకుండా చూసి తల ఊపాడు. ఏం చెప్పిందో నేను ఇప్పటికీ అడగలేదు. వాన వల్ల బస్సు ఆలస్యంగా వచ్చింది గనుక దొరికింది. రైలు టిక్కెట్టు మాట మళ్లీ రాలేదు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. కొత్తరకం సాంచాలు నగరం బయట జోల్వా వైపు వెళ్లిపోయాయి, చేతులతో మాట్లాడేవాళ్లు కనబడరు. మా ఇంట్లోనే చూడండి, కొడుకు ఒక గదిలోంచి కేకేస్తే కోడలు ఇంకో గదిలోంచి బదులిస్తుంది, ఎదురుగా కూర్చున్నా ఎవరి కళ్లు వాళ్ల ఫోను మీదే ఉంటాయి. చెవులు అందరికీ బాగానే ఉన్నాయి మరి.

బావ పోయి నాలుగేళ్లయింది. అక్క ఇదే నగరంలో, పర్వత్ పాటియాలో కూతురి దగ్గర ఉంటున్నది. ఆమెకు ఆ అలవాటు మాత్రం పోలేదు, ఎవరితో మాట్లాడాలన్నా దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని, ఒక్కొక్క మాటే నిదానంగా చెబుతుంది. పిల్లలు విసుక్కుంటారు. నేను వెళ్లినప్పుడల్లా నా గడ్డమూ పట్టుకుని, తిన్నావా తమ్మీ అని అడుగుతుంది. నాకు చక్కగా వినపడుతుంది. అయినా ఆ చెయ్యి తీసేదాకా కదలకుండా ఆమె పెదవులనే చూస్తూ కూర్చుంటాను.