తోమిన మూతల్లో పుచ్చకాయ ఐసు

నా చిన్నప్పుడు మా వీధి పిల్లల నాలుకలు ఎండాకాలమంతా ఎర్రగానే ఉండేవి. సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని మధ్యాహ్నం పూట పుల్లైసులతను వచ్చేవాడు. ఆ ఐసు చప్పరిస్తుంటే తీపి ముందే అయిపోయి తెల్లటి మంచుముక్క మిగిలేది. రంగు మాత్రం చీకటి పడేదాకా నాలుక మీదే ఉండేది. అవి తిని తిని మా తమ్ముడికి గొంతు వాచి జ్వరం వచ్చాక, పుల్లైసు మాటెత్తితే మా అమ్మ ఊరుకునేది కాదు. వాడికప్పుడు నాలుగేళ్లు. ఐసుబండి గంట వినబడితే చాలు, గుమ్మంలో పడి దొర్లి ఏడ్చేవాడు.

మాది అద్దంకి వైపు పత్తీ మిరపా పండే ఊరు. పక్కింటి అక్క మాత్రం మంగళగిరి నుంచి పెళ్లై వచ్చింది. పుట్టింటివాళ్లు నూలుకు రంగులు వేసి చీరలు నేసేవాళ్లు. వాళ్లాయనకు బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల కొట్టు ఉండేది. కొట్టులో పాతబడిన ఫ్రిజ్ ఒకటి ఇంటికి తెచ్చుకున్నారు. మా వీధి మొత్తానికి ఫ్రిజ్ అదొక్కటే. తమ్ముడి ఏడుపు వినలేక ఒకరోజు అక్క గోడ మీదుగా మా అమ్మను పిలిచింది.

"పిన్నీ, ఆ రంగునీళ్లు ఎందుకు వాడికి? పండ్లతో నేను చేసి పెడతాగా! పిల్లల్ని పంపించు. చిన్న గ్లాసులేమైనా గిన్నెలేమైనా ఉంటే పట్టుకు రమ్మను."

మా అమ్మ సంబరపడిపోయింది. అటక మీద నుంచి రెండు తెల్లటి ప్లాస్టిక్ మూతలు దించింది. పత్తికి కొట్టే పురుగుమందు కొలుచుకోవడానికి డబ్బాలతో పాటు వచ్చే మూతలవి. ఐసుకు కొలిచి చేసినట్టుగా ఉన్నాయి. బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది, వేణ్నీళ్లు పోసి కడిగింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా చేత కూడా చూపించింది. ఏ వాసనా లేదు. ఎండలో పెడితే తళతళలాడాయి. "మీ తమ్ముడిది దీన్లో పొయ్యమను, ముద్దుగా ఉంటుంది" అంది.

అవి కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు. పిల్లలమంతా పొద్దున్నే తొడిమలు తీసి, ఆ చేతులతోనే అక్క ఇంటికి పరుగెత్తాం. అక్క మమ్మల్ని వరసగా నిలబెట్టి చేతులు కడిగించింది. కడిగాక ఎవరి వేలు వాళ్లనే నాకమంది. "మండిందా? మండితే పోయి మళ్లీ కడుక్కో. లేకపోతే ఐసు తింటూ ఏడవాలి" అని నవ్వింది. ఎదురింటి పిల్లాడు కళ్లనిండా నీళ్లు పెట్టుకుని "అబ్బే, నాకేం మండలేదక్కా" అంటే అందరం పడీపడీ నవ్వాం.

తర్వాత పని పంచింది. పుచ్చకాయ గింజలు ఏరడం మా తమ్ముడి వంతు. వాడు ఏరినదానికంటే తిన్నది ఎక్కువ. గుజ్జు పిసికి జల్లెడలో వడకట్టడం నా వంతు. నిమ్మకాయ పిండి, బెల్లం డబ్బా చేతిలో పట్టుకుని అక్క మమ్మల్నే రుచి చూడమంది. పండే తియ్యగా ఉందని అందరం ఒప్పుకున్నాక బెల్లం డబ్బా మళ్లీ అలమరలోకి వెళ్లిపోయింది. రసాన్ని ఎవరి గిన్నెల్లో వాళ్లం పోసుకున్నాం. సగం గడ్డకట్టాక కడిగిన కొబ్బరి ఈనెలు నిలబెట్టాం. మా మూతలను అక్క చూసింది. చేలకు దూరంగా పెరిగిన మనిషి కాబట్టి అవేమిటో ఆమెకు తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలను నీళ్లలో ఒక్కసారి ముంచి ఐసులు ఊడదీసింది. మూతలోంచి వచ్చిన ఐసు చుట్టూ కొలత గీతలు అచ్చుపడి ఎంతో అందంగా ఉంది. తమ్ముడు దాన్ని రెండు చేతులా పట్టుకుని నాకాడు.

"అబ్బో, నీది భలే ఉందిరా! ఏమే, ఈ గిన్నెలు ఎక్కడివే?" అని అక్క నన్ను అడిగింది.

"పత్తిమందు మూతలక్కా. మా అమ్మ తోమింది" అన్నాను గొప్పగా.

అక్క చెయ్యి లేవడం నేను చూడలేదు. ఐసు గచ్చు మీద పడి పగిలిన చప్పుడు మాత్రం విన్నాను. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి "ముట్టుకోవద్దు, ఎవ్వరూ!" అని అరిచింది. తమ్ముడు ఏడవడం కూడా మరిచిపోయాడు. అక్క వాణ్ణి ఎత్తుకుని నీళ్లతొట్టి దగ్గరికి పరుగెత్తి, "ఉమ్మెయ్ నాన్నా, మింగకు, ఉమ్మెయ్" అంటూ నోరు కడిగింది. వాడి పెదాల మీది ఎరుపు పుచ్చకాయదేనని తెలుసు. అయినా అది పోయేదాకా నేను చెంబుతో నీళ్లు అందిస్తూనే ఉన్నాను.

మా అమ్మ పరుగున వచ్చింది. "పసివాణ్ణి కొట్టావేంటే?"

"కొట్టలేదు పిన్నీ. అవి విషం కొలిచిన మూతలు."

"మూడుసార్లు తోమానే! వాసన కూడా లేదే!"

అక్క మూతను గుడ్డలో చుట్టి మా అమ్మ చేతికిచ్చి, వాళ్లాయన మోపెడ్ మీద అమ్మనూ తమ్ముణ్ణీ టౌనులో డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టరు వాడి కళ్లూ ఊపిరీ చూస్తూ సాయంత్రం దాకా ఉంచాడట. అంతసేపూ మా అమ్మ వాడి పాదాలు వదల్లేదట. ఇంట్లో నేను గుమ్మం వదల్లేదు. వాడు క్షేమంగా తిరిగొచ్చాడు. వస్తూనే ఐసు ఏదని అడిగాడు.

అయినా మా అమ్మ మనసులో ముల్లు ఉండిపోయింది. తను శుభ్రంగా తోమింది విషమెలా అవుతుందని బాధ. ఆ సాయంత్రమే అక్క గోడవారన రెండో మూతనూ, పక్కనే ఒక స్టీలు గ్లాసునూ పెట్టి, రెండింటి అడుగునా కాస్త బెల్లంపాకం వేసింది. పొద్దున్నే మా అమ్మనూ నన్నూ పిలిచి చూపించింది. స్టీలు గ్లాసు దగ్గర చీమలు బారుగా వెళ్తున్నాయి, బారుగా తిరిగొస్తున్నాయి. మూత దగ్గరికి వెళ్లే బారు ఉంది. తిరిగొచ్చే బారు లేదు. లోపల నల్లగా ముద్దకట్టి ఉన్నాయి.

మా అమ్మ ఇంట్లోకి వెళ్లి, ఖాళీ అయ్యాక కడిగి వాడుకుంటున్న పురుగుమందు డబ్బాలన్నీ ఒక్కొక్కటే తెచ్చి వాకిట్లో పడేసింది. ఉప్పు పోసుకున్న డబ్బా. చింతపండు పెట్టుకున్న డబ్బా. ఆఖరున, మా నాన్న రోజూ చేలోకి మంచినీళ్లు తీసుకెళ్లే అల్యూమినియం సీసా. దాన్ని చూసి నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ నీళ్లు నేనూ తాగేదాన్ని. అమ్మ పలుగు తీసుకుని వాటికి చిల్లులు పొడుస్తుంటే నాన్న వచ్చి "పిచ్చెక్కిందా? మంచి సీసా!" అని కేకలేశాడు.

"గోడ దగ్గరికెళ్లి చూసి రా" అంది అమ్మ.

నాన్న వెళ్లాడు, చూశాడు. వచ్చి అమ్మ చేతిలోంచి పలుగు తీసుకుని మిగతావాటికి తనే చిల్లులు పొడిచాడు.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ తర్వాత నన్ను చదివించింది మా ఊరి గ్రంథాలయమే. అక్కడ వ్యవసాయం పుస్తకాల అర మొత్తం చదివాను. పురుగుమందును ప్లాస్టిక్ తనలోకి పీల్చుకుంటుందనీ, ఎంత కడిగినా వదలదనీ అక్కడే తెలుసుకుని, సంతోషంగా అక్కకు చెప్పబోయాను. "మా పుట్టింట్లో రంగుగిన్నెలో మంచినీళ్లు కూడా పొయ్యనిచ్చేవాళ్లు కాదే" అని ఊరుకుంది. మిరపకారమైతే నాలుక మీద పెట్టగానే తెలుస్తుంది. మందు అలా తెలియదని నాకు నేర్పింది మాత్రం ఆ చీమలే.

ఇప్పుడు గుంటూరులో మనవలతో పుచ్చకాయ ఐసు, మామిడి ఐసు చేస్తుంటాను. ముందు చేతులు కడిగించి, ఎవరి వేలు వాళ్లను నాకమంటాను. వాళ్లు మిరప కల్లం మొహం చూసినవాళ్లు కాదు, అయినా నవ్వుతూ నాకుతారు. తర్వాత ఐసు అచ్చులు చేతికి తీసుకుని "ఇంతకుముందు ఇందులో ఏముండేది?" అని అడుగుతాను. "కొత్తవి అమ్మమ్మా, నిన్నేగా కొన్నాం!" అని మనవరాలు విసుక్కుంటుంది. అయినా అడగకుండా రసం పోయలేను. తళతళలాడే గిన్నె ఏది కనబడినా నాకు ముందు చింతపండుతో తోముతున్న మా అమ్మ చేతులే గుర్తొస్తాయి. ఆ వెంటనే తిరిగిరాని చీమలు.